పొదగేసిన గుడ్లను వెలుతురులో చూడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి లెక్కలన్నీ ప్రధానంగా 21 రోజులకు పిల్లలయ్యే కోడిగుడ్డువి. మిగతా పక్షుల గురించి విడిగా ఒక ప్రశ్న ఉంది. ఇంక్యుబేటర్‌లో పెట్టినా, పెట్ట కింద పెట్టినా చూసే పద్ధతి ఒకటే.

క్యాండ్లింగ్ అంటే ఏమిటి? చేయకపోతే ఏమవుతుంది?

చీకట్లో గుడ్డుకు గట్టి వెలుతురు ఆనించి, పగలగొట్టకుండానే లోపల ఏం జరుగుతోందో చూడటమే క్యాండ్లింగ్. చేయకపోతే కొంప మునిగేదేమీ లేదు. పెట్ట ఏ లైటూ లేకుండానే పిల్లల్ని లేపుతుంది. కాకపోతే ఇంక్యుబేటర్ ఒక మూసిన పెట్టె. అందులో ఒక గుడ్డు మురిగి పగిలితే ఆ వాసన సంగతి సరే, లోపలి క్రిములు చుట్టూ ఉన్న మంచి గుడ్లన్నిటికీ అంటుకుంటాయి. చోటు కలిసిరావడం రెండో లాభం. నా దృష్టిలో అసలు లాభం మూడోది. ఈ విడత ఎందుకు తక్కువ పిల్లలయ్యాయని 21వ రోజున తల పట్టుకునే బదులు, మొదటి వారంలోనే తేడా ఎక్కడుందో ఒక అంచనా దొరుకుతుంది.

ఎన్నో రోజున చూడాలి?

తొందరపడే వారికి 4వ రోజు, నిర్ణయం తీసుకోవలసిన వారికి 7వ రోజు.

తెల్ల పెంకు గుడ్డులో మంచి లైటు ఉంటే 3 రోజులు నిండేసరికే సన్నటి రక్తనాళాలు లీలగా కనబడవచ్చు. 4, 5 రోజులకు అవి స్పష్టపడతాయి. అలవాటున్న కంటికి అది చాలు. కొత్తవారు 4వ రోజున చూసి ఏమీ కనబడలేదని గుడ్లు తీసి పారేస్తే, అందులో మంచివి కూడా పోతాయి. నెమ్మదిగా మొదలైన గుడ్డు, పెంకు మందంగా ఉన్న గుడ్డు, పొదగేయక ముందు ఎక్కువ రోజులు నిల్వ ఉన్న గుడ్డు ఒకరోజు వెనకబడి కనిపించడం మామూలే. 7వ రోజున ఆ తికమక ఉండదు. ఉన్నది ఉన్నట్టు, లేనిది లేనట్టు తేలిపోతుంది. రోజూ తెరిచి చూస్తే పిండం త్వరగా పెరగదు, చెయ్యి జారే అవకాశం మాత్రం పెరుగుతుంది.

రోజులు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలి?

గుడ్లను పొదగేసిన రోజును సున్నాగా తీసుకోండి. 24 గంటలు గడిచాక ఒకటో రోజు పూర్తవుతుంది. సోమవారం సాయంత్రం పెడితే మంగళవారం సాయంత్రానికి ఒకటి, మరుసటి సోమవారం సాయంత్రానికి ఏడు. గుడ్లు పెట్టిన రోజునే ఒకటిగా లెక్కేసి, "ఆరు రోజులైనా నాళాలు సరిగ్గా లేవేమిటి" అని కంగారుపడే వారిలో సగం మందికి నిజానికి అయిదు రోజులే అయి ఉంటాయి.

పొదగేయక ముందే, పిండం ఉన్న గుడ్డేదో లైటులో తెలుసుకోవచ్చా?

తెలియదు. ఎంత ఖరీదైన లైటు కొన్నా ఇంట్లో ఆ పని జరగదు. గుడ్డు బయటకు వచ్చేసరికే, ఫలదీకరణ జరిగి ఉంటే, పచ్చసొన మీద పదుల వేల కణాలు తయారై ఉంటాయి. కానీ అవన్నీ కలిసి ఒక చిన్న తెల్లటి చుక్కంతే. పెంకు బయటి నుంచి ఆ చుక్క కనబడదు. ఆకారం, బరువు, పెంకు నునుపు, ఏవీ ఆ సంగతి చెప్పవు.

ఒక మార్గం ఉంది, కానీ గుడ్డు దక్కదు. పగలగొట్టి పళ్లెంలో పోసి పచ్చసొన పైభాగం చూడండి. ఫలదీకరణ కాని గుడ్డులో చిన్నగా, చిక్కగా, అంచులు తీరుగా లేని తెల్ల మచ్చ ఉంటుంది. అయిన గుడ్డులో అది కొంచెం పెద్దది. నాలుగు మిల్లీమీటర్ల దాకా ఉండి, గుండ్రంగా, మధ్యలో పలచగా, చుట్టూ తెల్లటి వలయంతో కనిపిస్తుంది. మచ్చ కనబడకపోతే పచ్చసొనను చెంచాతో మెల్లగా తిప్పండి, అది అడుగున పడి ఉంటుంది. వంటకు పగలగొట్టే గుడ్లను వారం పాటు ఇలా గమనిస్తే పుంజు పని చేస్తోందో లేదో తెలిసిపోతుంది. పొదగేయబోయే ముందు చేయదగ్గ పరీక్ష ఇదొక్కటే.

అలాగని కొత్త గుడ్లను లైటులో చూడటం దండగ అనుకోవద్దు. వెంట్రుకంత పగుళ్లు, రెండు సొనల గుడ్లు, గాలి గది (మొద్దుకొన లోపల గాలి నిండిన ఖాళీ) తప్పుచోట ఉన్న గుడ్లు అప్పుడే దొరుకుతాయి.

ఏ లైటు వాడాలి?

చిన్న మూతి, పదునైన కాంతి ఉన్న ఎల్‌ఈడీ టార్చి చాలు. గుడ్డు మొద్దుకొన కంటే మూతి చిన్నదిగా ఉండాలి, లేకపోతే పక్కల నుంచి వెలుతురు కారి కంటికి కొడుతుంది. టార్చి మూతి పెద్దదైతే నల్ల అట్టముక్కకు రెండున్నర సెంటీమీటర్ల రంధ్రం చేసి అడ్డం పెట్టండి. ఫోను లైటుతో తెల్ల గుడ్లు చూడవచ్చు, ముదురు పెంకుల దగ్గర అది చాలదు.

పాతకాలపు వేడి బల్బును డబ్బాలో పెట్టి వాడేవారు గుడ్డును రంధ్రం మీద ఎక్కువసేపు ఉంచవద్దు. హాని చేసేది వెలుతురు కాదు, వేడి.

గది మాత్రం నిజంగా చీకటిగా ఉండాలి. తలుపు కింద సందులోంచి వచ్చే వెలుతురు కూడా నాళాలను మింగేస్తుంది. లైటు పని చేయడం లేదని కొత్త టార్చి కొనేముందు గదిని ఒకసారి చూసుకోండి.

గుడ్డును ఎలా పట్టుకోవాలి?

చేతులు కడుక్కుని, పొడిగా తుడుచుకోండి. పెంకు నిండా వేల కొద్దీ సూక్ష్మరంధ్రాలుంటాయి. వేళ్ల జిడ్డూ మురికీ వాటిలోకే పోతాయి.

గుడ్డు మొద్దుకొనను టార్చి మూతికి ఆనించండి. గాలి గది ఉండేది అక్కడే కాబట్టి వెలుతురు లోపలికి బాగా పరుచుకుంటుంది. సన్నకొనను బొటనవేలితో, రెండు వేళ్లతో పట్టుకుని గుడ్డును కాస్త ఒరగనిచ్చి, ఉన్నచోటనే మెల్లగా తిప్పండి. పిండం పచ్చసొన పైకి తేలి, గుడ్డుకు ఒక పక్కన ఉంటుంది. తిప్పనిదే ఆ పక్క మీ వైపు రాదు. "ఏమీ లేదు" అనిపించిన గుడ్లలో కొన్ని నిజానికి పిండం అవతలి పక్కన ఉన్నవే. పూర్తి చుట్టు తిప్పాకే మాట చెప్పండి.

మెల్లగా తిప్పాలి, ఊపకూడదు. మొదటి వారంలో నాళాలు చాలా సున్నితంగా ఉంటాయి, గట్టిగా కుదిపితే తెగిపోతాయి. ఒక్కో గుడ్డుకు పది, పదిహేను సెకన్లు ఎక్కువే.

పిండం పెరుగుతున్న గుడ్డు ఎలా కనిపిస్తుంది?

4, 5 రోజులకు చూస్తే గుడ్డంతా నారింజ రంగులో వెలుగుతూ, ఒక పక్కన కాళ్లు చాచిన సాలీడు లాంటి ఆకారం కనిపిస్తుంది. మధ్యలో చిన్న ముదురు చుక్క, దాని నుంచి అన్ని వైపులకు ఎర్రటి సన్నటి గీతలు. ఆ గీతలే రక్తనాళాలు. చాలామంది ఆ ముదురు చుక్కను గుండె అనుకుంటారు. ఎక్కువసార్లు అది కన్ను. కోడిపిండంలో కన్ను చాలా త్వరగా రంగెక్కుతుంది, మిగతా శరీరంతో పోలిస్తే చాలా పెద్దది కూడా. గుండె అంతకు ముందే, రెండో రోజులోనే కొట్టుకోవడం మొదలుపెడుతుంది. రెండు వేల ఏళ్లకు పైగా క్రితం అరిస్టాటిల్ పొదుగుతున్న గుడ్లను వేర్వేరు రోజుల్లో పగలగొట్టి చూసి, మూడు రోజులు దాటేసరికి తెల్లసొనలో గుండె రక్తపు చుక్కలా కదులుతోందని రాశాడు. మనకు పగలగొట్టే అవసరం లేదు. పలచని తెల్ల పెంకు, గట్టి లైటు, కదలని చెయ్యి ఉంటే అయిదో రోజున ఆ అదురు కొన్నిసార్లు కంటికి దొరుకుతుంది.

7వ రోజుకు చిత్రం మారుతుంది. నాళాలు గుడ్డులో చాలా భాగానికి పాకి, చిక్కబడి, కొమ్మలుగా చీలి ఉంటాయి. పిండం ఒక ముదురు ముద్దగా కనబడుతుంది, గుడ్డును కదలకుండా పట్టుకుంటే అదే అటూఇటూ ఊగుతుంది. ఆ ఊగుడు చూశాక ఇక అనుమానం అక్కర్లేదు, గుడ్డును లోపల పెట్టేయండి.

నాళాలు చక్కటి ఎరుపులో, అంచులు తేటగా ఉండాలి. అదే ముఖ్యమైన గుర్తు. పిండం మచ్చ కనబడినా కనబడకపోయినా, ఎర్రని నాళాలు విచ్చుకుని ఉంటే అది బతికి ఉన్నట్టే.

వట్టి గుడ్డు ఎలా ఉంటుంది?

7వ రోజున కూడా, పెట్టిన రోజున ఎలా ఉందో అలాగే. అంతటా ఒకే తీరు వెలుతురు, మధ్యలో పచ్చసొన నీడ. గుడ్డు తిప్పితే ఆ నీడ మెల్లగా వెనక వెనకే వస్తుంది. గీత ఒక్కటీ ఉండదు. ఈ నీడను చూసి పిండం అనుకుని సంబరపడేవారు చాలామంది. నీడకు అంచులు ఉండవు, దాని నుంచి నాళాలు పుట్టవు. తేడా అంతే.

అయితే ఒక మెలిక ఉంది. లైటులో "వట్టిది" అని కనిపించే గుడ్లలో రెండు రకాలుంటాయి. అసలు ఫలదీకరణే కానివి ఒక రకం. ఫలదీకరణ అయి, రక్తం ఏర్పడకముందే, అంటే మొదటి ఒకటి రెండు రోజుల్లోనే పిండం చనిపోయినవి మరో రకం. బయటి నుంచి రెండూ ఒక్కలాగే ఉంటాయి. లైటు చెప్పేది పిండం పెరుగుతోందా లేదా అన్నది మాత్రమే, పుంజు పని చేసిందా లేదా అన్నది కాదు. ఈ రెండింటినీ ఒకటిగా తీసుకుని పాపం పుంజును కూర వండుకున్నవారున్నారు.

మరి ఆ రెండు రకాలను ఎలా వేరు చేయాలి?

తీసేసిన గుడ్డును పారేయకుండా పగలగొట్టి చూడాలి. పెద్ద హేచరీల్లో ఇది రోజువారీ పని. ఇంట్లో మాత్రం బద్ధకిస్తారు. మొద్దుకొన వైపు పెంకును మెల్లగా ఒలిచి, గాలి గది పొర తీసి, పచ్చసొన మీద చూడండి. చిన్న చిక్కటి తెల్ల మచ్చ ఒక్కటే ఉంటే ఫలదీకరణ కాలేదు. మచ్చ స్థానంలో మీగడ రంగు పొర సెంటీమీటరు మేరకు పరుచుకుని, రక్తం జాడ లేకుండా ఉంటే పిండం మొదలై ఆగిపోయింది.

దీనివల్ల ఏమొస్తుందంటే, 30 గుడ్లలో 6 వట్టివి వచ్చాయనుకుందాం. ఆరూ ఫలదీకరణ కానివైతే పుంజుల సంఖ్యను, వయసును, ఆరోగ్యాన్ని చూసుకోవాలి. అందులో అయిదు మొదలై ఆగినవైతే పుంజు జోలికే వెళ్లక్కర్లేదు. తప్పు గుడ్ల నిల్వలోనో, రవాణాలోనో, మొదటి రోజు వేడిలోనో ఉంది. మందు వేరు, రోగం వేరు అయిపోకుండా ఈ పది నిమిషాల పని కాపాడుతుంది.

టర్కీ కోళ్ల విషయంలో ఒక వింత చెప్పాలి. వాటిలో అరుదుగా, పుంజు కలవని గుడ్డు కూడా తనంతట తాను కొంతవరకు పెరగడం మొదలుపెడుతుంది. 1950ల్లో అమెరికాలోని బెల్ట్స్‌విల్ పరిశోధన కేంద్రంలో దీన్ని విస్తారంగా గమనించారు. ఇంటి పెంపకంలో దీని గురించి బెంగపడాల్సిన పని లేదు.

లోపల ఎర్రటి వలయం కనబడింది. అదేమిటి?

పిండం పెరగడం మొదలై, రక్తం ఏర్పడ్డాక చనిపోయిందని అర్థం. గుండె ఆగగానే నాళాల్లోని రక్తం మధ్య నుంచి తొలగి అంచుకు చేరి వలయంగా నిలుస్తుంది. కొన్నిసార్లు పూర్తి వలయం కాకుండా సగం వంకీగానో, పెంకుకు అంటుకున్న ఎర్రటి చారగానో కనబడుతుంది. ఇలాంటివి ఎక్కువగా రెండు నుంచి నాలుగు రోజుల మధ్య పోయిన గుడ్లు.

వలయం స్పష్టంగా ఉంటే ఇక ఎదురుచూపు వద్దు, తీసేయండి. ఈ ఒక్క గుర్తు విషయంలో నాకు రెండో మాట లేదు. వట్టి గుడ్డు శుభ్రంగా ఉంటే మూడు వారాలైనా కుళ్లకపోవచ్చు, చనిపోయిన పిండం ఉన్నది మాత్రం త్వరగా మురుగుతుంది.

పొదగేయక ముందే గుడ్డులో ఉండే చిన్న రక్తపు చుక్కతో దీన్ని కలపవద్దు. అది గుడ్డు తయారయ్యేటప్పుడు పెట్టలో నాళం చిట్లి పడిన చుక్క. దానికీ ఫలదీకరణకూ సంబంధం లేదు.

అవునో కాదో తేల్చుకోలేకపోతున్నాను. ఏం చేయాలి?

పెన్సిల్‌తో ప్రశ్నార్థకం గీసి మళ్లీ లోపల పెట్టండి. 10వ రోజున చూడండి. చెడు వాసన, పెంకు మీద తడి ఊట, బూడిద రంగు మచ్చలు లేనంతవరకు అనుమానపు గుడ్డు ఇంకో మూడు రోజులు లోపలుంటే నష్టం లేదు. బతికున్న దాన్ని పారేస్తే మాత్రం వెనక్కి రాదు.

గుర్తులకు పెన్సిలే వాడండి, మార్కర్ సిరా రంధ్రాల్లోకి ఇంకుతుంది.

బయటకు తీస్తే గుడ్డు చల్లబడి పిండం చనిపోదా?

పొదుగు మీదున్న పెట్ట కూడా రోజుకోసారి మేతకు, నీళ్లకు లేచి వెళ్తుంది. పదిహేను, ఇరవై నిమిషాలు గుడ్లు ఖాళీగానే ఉంటాయి. గుడ్డు లోపలి వేడి అంత త్వరగా దిగదు. ఒక ట్రే తీసి పది నిమిషాల్లో చూసి పెట్టేయడం వల్ల ఏమీ కాదు. ఎక్కువ గుడ్లుంటే కొన్ని కొన్నిగా తీయండి. ఎండలో, ఫ్యాను కింద, చల్లటి రాతి గట్టు మీద పెట్టవద్దు. మెత్తటి గుడ్డ పరుచుకోండి.

నిజానికి భయపడాల్సింది చల్లదనానికి కాదు, అధిక వేడికి. మూత తెరిచినప్పుడు ఇంక్యుబేటర్ చల్లబడిందని మీట తిప్పి వేడి పెంచేవారుంటారు. మూత వేశాక అది తనంతట తానే సర్దుకుంటుంది. మీరు పెంచిన వేడి మాత్రం అలాగే ఉండిపోయి 40 డిగ్రీలు దాటిందంటే చిన్న పిండాలు తట్టుకోలేవు. ఫ్యాను ఉన్న యంత్రంలో 37.5 డిగ్రీల సెల్సియస్, ఫ్యాను లేనిదానిలో గుడ్ల పైభాగం ఎత్తున కొలిస్తే 38.3 నుంచి 38.9 వరకు ఉండాలి. సెట్టింగ్ ముట్టుకోకండి.

ముదురు గోధుమరంగు గుడ్లలో ఏమీ కనబడటం లేదు.

కనబడదు, మీ కంటి తప్పు కాదు. ముదురు చాక్లెట్ రంగు, ఆకుపచ్చ, నీలం పెంకులు వెలుతురును ఆపేస్తాయి. వీటిని 4వ రోజున చూడటం శుద్ధ దండగ. 8 నుంచి 10 రోజుల మధ్య చూడండి. నాళాల కోసం వెతకడం కంటే, గాలి గదికీ మిగతా భాగానికీ మధ్య తేడా చూడటం తేలిక. పెరుగుతున్న గుడ్డులో గాలి గది తేటగా, దాని కింద గీత గీసినట్టు చీకటి ఉంటుంది. వట్టి గుడ్డులో ఆ తేడా మసకగా, అంతా ఒకే రంగులో ఉంటుంది. వీలైతే అదే పెంకు రంగున్న, పొదగేయని తాజా గుడ్డు ఒకటి పక్కన పెట్టుకుని పోల్చండి. పోలిక లేకుండా ముదురు గుడ్డును చూడటం ఊహాగానమే అవుతుంది.

బాతు, కౌజు, టర్కీ, పావురం గుడ్లకు కూడా ఇవే రోజులా?

చూసే గుర్తులు అవే, రోజులు మారతాయి. బాతు గుడ్డు 28 రోజులది. పెంకు కాస్త పారదర్శకంగా ఉండి లోపల బాగా కనబడుతుంది, 6, 7 రోజులకు చూడవచ్చు. మస్కోవీ బాతుకు 35 రోజులు పడుతుంది కాబట్టి 8 నుంచి 10 రోజులు ఆగండి. టర్కీకి 28, గిన్నీ కోడికి 26 నుంచి 28. వీటికి 7, 8 రోజులు సరిపోతాయి. కౌజు గుడ్డు 17, 18 రోజుల్లోనే పొదుగుతుంది కానీ పెంకు మీది నల్ల మచ్చలు పెద్ద అడ్డంకి. 6వ రోజు దాటాక మచ్చలు తక్కువగా ఉన్న చోట చూడాలి. అది కూడా తేలిగ్గా చిట్లే గుడ్డు, కాబట్టి చాలామంది కౌజు గుడ్లను చూడటమే మానేస్తారు. తప్పేమీ లేదు. పావురం గుడ్డు తెల్లగా, పలచగా ఉండి 4, 5 రోజులకే అంతా చెప్పేస్తుంది.

పెట్ట కింద ఉన్న గుడ్లను ఎప్పుడు, ఎలా తీయాలి?

రాత్రి. చీకట్లో పెట్ట మందకొడిగా ఉంటుంది. ఒక పక్క నుంచి చెయ్యి పోనిచ్చి, అరచెయ్యి పైకి ఉంచి ఒక్కొక్కటే తీసి, చూసి, తిరిగి పెట్టండి. పొడుస్తుంది, పొడవనివ్వండి. రెక్కల కింద ఇరుక్కున్న గుడ్డు ఉందేమో చూడకుండా పెట్టను ఎత్తవద్దు, అది జారి పగులుతుంది. ఒక లాభం ఏమిటంటే, పెట్ట పొదుగుతుండగా వేరే పెట్ట వచ్చి పెట్టిన కొత్త గుడ్లు కూడా ఇప్పుడే బయటపడతాయి. పొదగేసిన గుడ్లన్నిటికీ ముందే గుర్తు వేసి ఉంటే లైటు కూడా అక్కర్లేకుండా తెలుస్తుంది.

గాలి గదిని కూడా చూడాలా?

చూడాలి, దానికి అదనపు సమయం పట్టదు. నీరు ఆవిరైపోతున్న కొద్దీ మొద్దుకొనలోని గాలి గది పెద్దదవుతుంది. 7వ రోజున దాని అంచును పెన్సిల్‌తో గీయండి, తర్వాత చూసినప్పుడు ఎంత దిగిందో తెలుస్తుంది. చిన్న తూనిక ఉంటే ఇంకా ఖచ్చితం. 60 గ్రాముల గుడ్డు 7వ రోజుకు సుమారు 3 గ్రాములు, 18వ రోజుకు 7, 8 గ్రాములు తగ్గాలి. అంతకంటే బాగా తక్కువ తగ్గితే లోపల తేమ ఎక్కువైంది, మరీ ఎక్కువ తగ్గితే తేమ చాలడం లేదు.

దూరం నుంచి కుదుపులతో వచ్చిన గుడ్లలో గాలి గది ఊడి, గుడ్డు తిప్పినప్పుడల్లా బుడగలా పక్కకు జరుగుతుంటుంది. అలాంటివాటిని మొద్దుకొన పైకి ఉండేలా ఒక రోజు కదపకుండా ఉంచి, ఆ తర్వాతే పొదగేయాలి. వాటిలో పిల్లలయ్యేవి ఎలాగూ తక్కువ.

అన్నీ వట్టి గుడ్లే వచ్చాయి. కారణం ఏమై ఉంటుంది?

ముందు అడగాల్సింది ఇబ్బందికరమైన ప్రశ్నే: మందలో పుంజు ఉందా? అమ్మకానికి వచ్చే మామూలు తినే గుడ్లు పుంజు లేని ఫారాల నుంచి వస్తాయి. వాటిని ఎన్ని రోజులు వెచ్చగా ఉంచినా పిల్లలు కావు.

పుంజు ఉండీ వట్టివైతే, పెట్టలు మరీ ఎక్కువయ్యాయేమో చూడండి. ఒక పుంజుకు ఎనిమిది నుంచి పది పెట్టలు సరైన లెక్క, బరువైన జాతులకు ఇంకా తక్కువ. పుంజులు మరీ ఎక్కువైనా ఇబ్బందే. ఒకదాన్నొకటి తరుముకుంటూ పని కానివ్వవు. ముసలి పుంజు, కాళ్ల నొప్పి ఉన్న పుంజు, ఒళ్లు బాగా చేసిన పుంజు పెట్టను ఎక్కలేవు. ఎక్కినట్టు కనబడినా పని జరిగిందని నమ్మకం లేదు. వెనక భాగంలో ఈకలు దట్టంగా ఉండే జాతుల్లో ఆ ఈకలే అడ్డం, కత్తిరిస్తే తేడా కనిపిస్తుంది. తీవ్రమైన ఎండలకు పుంజుల్లో వీర్యం నాణ్యత తగ్గుతుంది, అది కోలుకోవడానికి వారాలు పడుతుంది.

పగలగొట్టి చూస్తే మొదలై ఆగినవని తేలిందా? అయితే గుడ్ల నిల్వ వైపు చూడండి. ఏడు రోజుల లోపు గుడ్లు మంచివి. ఆ తర్వాత ప్రతి రోజూ అవకాశం తగ్గుతూ పోతుంది. 12 నుంచి 18 డిగ్రీల మధ్య నిల్వ ఉంచాలి. సుమారు 20, 21 డిగ్రీలు దాటితే పిండం అరకొరగా కదలడం మొదలుపెడుతుంది. పగలు వేడెక్కి రాత్రి చల్లబడే గదిలో అది మొదలై, ఆగి, మళ్లీ మొదలై నీరసించిపోతుంది. నేను ముందు అనుమానించేది దీన్నే. ఎందుకంటే పుంజును అందరూ చూస్తారు, గుడ్లబుట్ట ఉన్న గదిని ఎవరూ చూడరు.

పుంజును తీసేశాక ఎన్ని రోజుల వరకు గుడ్లు పనికొస్తాయి?

పెట్ట లోపల వీర్యాన్ని దాచుకునే సన్నటి గొట్టాలుంటాయి. అందువల్ల పుంజు పోయాక కూడా పది, పద్నాలుగు రోజులు మంచి గుడ్లు వస్తాయి, ఒకటీ అరా మూడు వారాల దాకా రావచ్చు. జాతి మార్చాలనుకునేవారికి ఇది ముఖ్యం. కొత్త పుంజును వదిలి వెంటనే గుడ్లు పొదగేస్తే పిల్లకు తండ్రి ఎవరో చెప్పలేం. మూడు వారాలు ఆగితే మేలు. జాతి స్వచ్ఛత పట్టింపు ఉన్నవారు నాలుగు వారాలు ఆగుతారు.

తీసేసిన వట్టి గుడ్లను తినవచ్చా?

వద్దు. వారం రోజులు 37 డిగ్రీల దగ్గర ఉన్న గుడ్డు అది. పైకి బాగానే కనబడినా లోపలికి క్రిములు చేరి ఉంటే అవి పెరగడానికి అంతకంటే అనువైన చోటు లేదు. పరీక్ష కోసం పగలగొట్టి చూశాక కంపోస్టులో లోతుగా పూడ్చేయండి. చెడు వాసన వస్తున్న గుడ్డును మాత్రం పగలగొట్టే సాహసం చేయవద్దు, సంచిలో కట్టి బయటకు పంపండి.

పెంకు మీద పగులు కనిపించింది.

పొదగేయక ముందే అయితే ఆ గుడ్డు పెట్టకండి. లోపల పిండం పెరుగుతుండగా చిట్లి, పొర తెగకుండా ఉంటే, కరిగిన మైనం చుక్కను పగులు మీద మాత్రమే పలచగా పూయవచ్చు. పొర తెగి తడి బయటకు వస్తుంటే ఆశ వదులుకోండి.

నీళ్లలో వేసి తేల్చి చూస్తే తెలియదా?

నీళ్ల పరీక్ష గుడ్డు పాతదా కొత్తదా చెబుతుంది, ఫలదీకరణ గురించి ఏమీ చెప్పదు. పైగా తడి పెంకు క్రిములను లోపలికి లాక్కుంటుంది. ఆఖరి రోజుల్లో, పిల్ల లోపలి పొర పొడిచాక నీళ్లలో వేస్తే ఊపిరాడక చచ్చే ప్రమాదం ఉంది.

లైటులో పుంజా పెట్టా తెలుస్తుందా?

తెలియదు. సన్నకొన గుడ్డు పుంజు, గుండ్రటి గుడ్డు పెట్ట అన్న మాటలో నిజం లేదు. గుడ్డు ఆకారం పెట్ట అండనాళం చేసే పని, లోపలి పిల్లకు దానితో సంబంధం లేదు. కొత్తగా పుట్టిన పుంజు పిల్లలను చంపడాన్ని జర్మనీ 2022 నుంచి నిషేధించాక, గుడ్డులోనే లింగం తేల్చే యంత్రాలు అక్కడి హేచరీల్లో పెరిగాయి. వాటిలో ఒక రకం గోధుమరంగు జాతుల గుడ్డులోకి కాంతి పంపి, పిండం ఈకల రంగు తేడాను పట్టుకుంటుంది. మన టార్చికి ఆ శక్తి లేదు.

7వ రోజున బాగున్నాయి. మళ్లీ ఎప్పుడు చూడాలి?

14వ రోజున ఒకసారి. అప్పటికి గుడ్డులో చాలా భాగం చీకటిగా, గాలి గది పక్కన కొన్ని మందపాటి నాళాలతో ఉంటుంది. నాళాలు మాయమై, లోపల నల్లటి నీళ్లు కదిలినట్టుంటే తీసేయండి. చివరిసారి 18వ రోజున, గుడ్లు తిప్పడం ఆపేటప్పుడు. గాలి గది తప్ప మిగతాదంతా చీకటిగా ఉండాలి, గాలి గది అంచు ఒక పక్కకు వాలి, అక్కడ అప్పుడప్పుడూ నీడ కదలాలి. ఆ గుడ్లను పొదిగే ట్రేలో పడుకోబెట్టి, తేమను 65 నుంచి 70 శాతానికి పెంచి మూత వేయండి. ఆ తర్వాత పిల్లలు బయటకు వచ్చేదాకా తెరవవద్దు. మధ్యలో తెరిస్తే తేమ ఒక్కసారిగా పడిపోయి, పెంకు పొడిచిన పిల్లకు పొర ఎండి అతుక్కుపోతుంది.